ఫిర్యాదు యాప్‌లో పిన్ పక్క వార్డులో పడుతోంది, పని కాకుండానే 'పరిష్కరించబడింది' అని వస్తోంది. తప్పు ఎక్కడ?

కాలనీ_కార్యదర్శి:

మా పురపాలక సంఘం ఫిర్యాదుల యాప్‌లో వీధిదీపాలు, మురుగు కాలువ గురించి కాలనీ తరఫున ఫిర్యాదులు పెడుతున్నాం. నాలుగు చిక్కులు పదేపదే వస్తున్నాయి.

ఒకటి, ఫొటో తీసింది మా వీధిలో అయినా మ్యాప్‌లో పిన్ రెండు వీధుల అవతల పడుతోంది. దాంతో ఫిర్యాదు పక్క వార్డుకు పోతోంది. పిన్‌ను వేలితో జరిపినా సబ్మిట్ చేశాక మళ్లీ పాత చోటే చూపిస్తోంది.

రెండు, వివరాలు తెలుగులో రాస్తే తర్వాత తెరిచి చూసినప్పుడు వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నాయి.

మూడు, పని జరగకుండానే 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తోంది.

నాలుగు, వరుసగా మూడు దీపాలు వెలగకపోతే మూడు ఫిర్యాదులు పెట్టాలా, ఒకటి చాలా?

ఫోన్ ఆండ్రాయిడ్ 13. ఎన్నికలప్పుడు నియమాల ఉల్లంఘన మీద ఎన్నికల సంఘం యాప్ సీ-విజిల్‌లో పెట్టిన ఫిర్యాదును 100 నిమిషాల్లో తేలుస్తారు కదా, ఇక్కడ ఎందుకు కుదరదు అని కాలనీలో అందరూ అడుగుతున్నారు. తెలిసినవారు చెప్పండి.

---

అక్షాంశం_రేఖాంశం:

పిన్ సంగతి ముందు చూద్దాం. అది తప్పితే మిగతాదంతా తప్పుతుంది.

ఆండ్రాయిడ్ 12 నుంచి లొకేషన్ అనుమతి అడిగేటప్పుడు రెండు బొమ్మలు వస్తాయి. ఒకటి ఖచ్చితమైన చోటు, రెండోది సుమారు చోటు. తొందరలో సుమారు నొక్కేస్తే యాప్‌కు అందేది దాదాపు 3 చదరపు కిలోమీటర్ల ప్రాంతం మాత్రమే. అందులో మీ వీధి ఎక్కడుందో యాప్‌కు తెలియదు. సెట్టింగ్స్‌లో లొకేషన్, అందులో యాప్ పర్మిషన్లు, అందులో మీ యాప్ తెరిచి 'ప్రిసైజ్ లొకేషన్' ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఇదే మీట ఉంది. ప్రైవసీలో లొకేషన్ సర్వీసెస్‌కు వెళ్లి యాప్ పేరు నొక్కితే అడుగున కనిపిస్తుంది.

అది ఆన్‌లోనే ఉన్నా పిన్ తప్పుతుంటే రెండో కారణం చూడాలి. జేబులోంచి ఫోన్ తీసి వెంటనే యాప్ తెరిస్తే చాలాసార్లు ముందు వచ్చేది సెల్ టవర్, వైఫై ఆధారంగా వేసిన అంచనా. శాటిలైట్లు దొరికాక అది సర్దుకుంటుంది. ఆరుబయట ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్ జీపీఎస్ 5 మీటర్ల లోపు తేడాతో చెప్పగలదు. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులోనో, ఫ్లైఓవర్ కిందో, పెద్ద చెట్టు కిందో ఆ తేడా బాగా పెరుగుతుంది.

అందుకని ముందు గూగుల్ మ్యాప్స్ తెరిచి నీలం చుక్క చుట్టూ ఉన్న లేత నీలం వలయాన్ని గమనించండి. వలయం వీధి అంతా పరుచుకుని ఉందంటే ఇంకా కుదురుకోలేదని. రోడ్డు మధ్యకు వచ్చి ఓ నిమిషం ఆగితే వలయం ముడుచుకుంటూ చుక్కలో కలిసిపోతుంది. అప్పుడు ఫిర్యాదు యాప్‌కు మారండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే తీసేయండి, కొన్ని ఫోన్లలో అది జీపీఎస్‌ను తగ్గించేస్తుంది.

పిన్ జరిపినా వెనక్కి పోవడం మాత్రం మీ తప్పు కాదు. కొన్ని యాప్‌లు తెర మీద పిన్ కదలనిచ్చి, సర్వర్‌కు మాత్రం ఫోన్ ఇచ్చిన చోటునే పంపుతాయి. అలాంటి యాప్‌లో ఇంట్లో కూర్చుని పిన్ జరిపి లాభం లేదు, స్తంభం కిందే నిలబడి సబ్మిట్ చేయాలి. రోడ్డుకు అటువైపు ఒక వార్డు, ఇటువైపు ఒక వార్డు అయితే మీ వైపు అంచున నిలబడండి.

ఫిర్యాదు వివరాల్లో అక్షాంశ రేఖాంశాలు కనిపిస్తుంటే దశాంశ బిందువు తర్వాత అంకెలు లెక్కపెట్టండి. అక్షాంశంలో మూడో అంకె విలువ సుమారు 111 మీటర్లు, నాలుగోది 11 మీటర్లు, అయిదోది మీటరు. మూడు అంకెలే దాచుకునే యాప్ అయితే మీరు ఎంత జాగ్రత్తగా నిలబడినా పిన్ పక్క వీధిలో పడొచ్చు. అలా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి మునిసిపల్ ఐటీ విభాగానికి రాయండి. ఆ లోపం సరిచేయాల్సింది వాళ్లే.

---

లైన్‌మన్_మాట:

వరుస దీపాల ప్రశ్నకు జవాబు: ఒక ఫిర్యాదు చాలు. కానీ ఏ దీపాలు ఎలా ఆరిపోయాయో రాయాలి. ఎందుకంటే దాన్నిబట్టే ఎవరు రావాలి, ఏం తెచ్చుకోవాలి అన్నది తేలుతుంది.

ఒక్క దీపం వెలగక పక్కవి వెలుగుతుంటే లోపం ఆ ఫిట్టింగ్‌లోనే. ఎల్‌ఈడీ అయితే ఎక్కువగా డ్రైవర్, అంటే దీపానికి కరెంటును సరిచేసి ఇచ్చే భాగం, పోయి ఉంటుంది. వెలుగుతూ ఆరుతూ ఉన్నా అదే అనుమానం. ఒక స్తంభం నుంచి వీధి చివరి దాకా అన్నీ ఆరిపోతే ఆ స్తంభం దగ్గర వీధిదీపాల వైరు జంపర్ (రెండు వైర్లను కలిపే ముక్క) ఊడి ఉండొచ్చు. మూడు ఫేజులకు పంచి కట్టిన చోట ప్రతి మూడో దీపం ఆరితే ఒక ఫేజు రావట్లేదు. వీధి మొత్తం చీకటైతే కంట్రోల్ బాక్సు చూడాలి. మన ఊళ్లలో ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు సీసీఎంఎస్ అని బాక్సులు బిగించారు చూడండి, అది. పగలంతా వెలుగుతున్నా చూడాల్సింది ఆ బాక్సే.

మరీ ముఖ్యమైన సంగతి: చాలాచోట్ల స్తంభం డిస్కమ్‌ది (విద్యుత్ పంపిణీ సంస్థది), దాని మీద దీపం పురపాలక సంఘానిది. దీపం వెలగకపోతే మునిసిపల్ యాప్‌లో పెట్టండి. స్తంభం ఒరిగినా, తీగ తెగినా, స్తంభం ముట్టుకుంటే షాక్ కొడుతున్నా యాప్ జోలికి పోకండి, వెంటనే 1912కు ఫోన్ చేయండి. ప్రాణం మీదికొచ్చే వాటిని యాప్‌లో పెట్టి ఎదురుచూడకూడదు.

స్తంభం మీద రంగుతో రాసిన నంబరు ఉంటే అదే అన్నిటికన్నా మంచి చిరునామా. రాత్రి ఫొటోలో నంబరు కనిపించదు కాబట్టి పగలు నంబరు ఫొటో ఒకటి, రాత్రి చీకటిగా ఉన్న వీధి ఫొటో ఒకటి, రెండూ పెట్టండి. యాప్ ఒకే ఫొటో తీసుకుంటే నంబరుదే పెట్టండి. చీకటి ఫొటో చూసి ఎవరూ ఏ వీధో చెప్పలేరు.

మురుగు కాలువకూ ఇదే లెక్క. ఇంటి ముందు తెరిచి ఉన్న సైడు కాలువలో పూడిక ఉంటే అది పారిశుధ్య విభాగం పని, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు పోవాలి. అదే కాలువ గోడ విరిగితే ఇంజినీరింగ్ విభాగానికి. రెండూ కలిపి ఒకే ఫిర్యాదులో రాస్తే పారిశుధ్యం వాళ్లు పూడిక తీసి ముగించేస్తారు, గోడ అలాగే ఉంటుంది. హైదరాబాద్‌లో అయితే పొంగే మ్యాన్‌హోల్ జలమండలిది, నంబరు 155313. మునిసిపల్ యాప్‌లో పెడితే 'మా పరిధి కాదు' అని మూతపడే ఫిర్యాదుల్లో ఇది తరచూ కనిపించేది. జాతీయ రహదారి మీద గుంత అయితే 1033.

---

కోడ్_రాసేవాడు:

తెలుగు ప్రశ్నార్థకాలుగా మారడానికి కారణం డేటాబేస్. వివరాలు దాచే గడిని యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) పట్టేలా పెట్టకపోతే ప్రతి తెలుగు అక్షరం బదులు ఒక ప్రశ్నార్థకం మిగులుతుంది. అసలు అక్షరాలు పోయినట్టే, ఏ ఫాంటు మార్చినా తిరిగి రావు. మీ ఫిర్యాదు తెరిచిన అధికారికీ కనిపించేవి అవే ప్రశ్నార్థకాలు. అంటే అతనికి మిగిలింది ఫొటో, విభాగం పేరు, పిన్. ఆ పిన్ కూడా తప్పు.

మరో రకం యాప్‌లు 'ప్రత్యేక అక్షరాలు అనుమతించబడవు' అని ముందే తిప్పికొడతాయి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తప్ప మరేదీ ఒప్పుకోకుండా తనిఖీ రాసినప్పుడు వచ్చే తంటా అది. తెలుగు రాష్ట్రంలో ప్రజల కోసం చేసిన యాప్ తెలుగును ప్రత్యేక అక్షరం అనడం నాకు బాధగా ఉంటుంది. సరిచేయడం పెద్ద పని కూడా కాదు.

సరిచేసేదాకా దారి: ముందు రెండు మాటలు తెలుగులో రాసి ఒక ఫిర్యాదు పెట్టి, యాప్ పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి చదవండి. ప్రశ్నార్థకాలు వస్తే అసలు వివరాలను తెలుగులో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, స్తంభం పక్కన పట్టుకుని ఫొటో తీయండి. ఫొటోను ఏ డేటాబేస్ గడీ పాడుచేయలేదు.

జవాబు మెసేజ్ సగంలో తెగిపోయి వస్తే దాని కారణం వేరు. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, యూనికోడ్‌లో 70 మాత్రమే పడతాయి. తెలుగులో గుణింతాలు, వత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. పూర్తి జవాబు కోసం యాప్‌లోనే చూడండి.

---

కాలనీ_కార్యదర్శి:

ప్రిసైజ్ లొకేషన్ ఆఫ్‌లోనే ఉంది, ఆన్ చేశాను. ఒక సందేహం. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన ఫొటోను నేను యాప్‌లో పెట్టొచ్చా?

---

అక్షాంశం_రేఖాంశం:

వద్దండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో లోపల దాగి ఉండే జీపీఎస్ వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి, కానీ ఆండ్రాయిడ్ 10 నుంచి గ్యాలరీ ఫొటోలోని చోటు చదవాలంటే యాప్‌కు విడిగా అనుమతి కావాలి. అది అడగని యాప్‌కు ఆ ఫొటో చోటు లేని ఫొటోనే. అప్పుడు యాప్ మీరు కూర్చున్న ఇంటి చోటునే రాసుకుంటుంది. మీ పిన్ రెండు వీధుల అవతల పడటానికి ఇది కూడా కారణం కావచ్చు. ఆ వీధిలో ఉన్నవాళ్ల చేతే పెట్టించండి.

---

పాత_ఫైలు:

'పరిష్కరించబడింది' విషయానికి వస్తాను.

ప్రతి విభాగానికీ ఒక గడువు ఉంటుంది. పారిశుధ్య ఫిర్యాదుల కోసం కేంద్రం తెచ్చిన స్వచ్ఛతా యాప్‌లో చెత్తకుప్పకు 12 గంటలు, చనిపోయిన జంతువును తీయడానికి 48 గంటలు అని పెట్టారు. గడువు దాటిన ఫిర్యాదు అధికారి తెర మీద ఎర్రబడుతుంది, సమీక్షలో దాని గురించే అడుగుతారు. చెత్త తీయడానికి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. కాలువ గోడ కట్టాలంటే మాత్రం అంచనా వేయాలి, మంజూరు రావాలి, టెండరు పిలవాలి. గడువులో అది అయ్యే పని కాదు. 'పనుల జాబితాలో చేర్చాం, ఇంత కాలం పడుతుంది' అని గుర్తుపెట్టే మీట చాలా యాప్‌లలో లేదు. ఉన్నవి తెరిచి ఉంచడం, మూసేయడం, అంతే. అందుకని కిందిస్థాయి ఉద్యోగి మూసేస్తాడు. అతన్ని సమర్థించడం లేదు. ఏ రకం ఫిర్యాదు ఎందుకు మూతపడుతుందో తెలిస్తే ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

మూతపడిన మెసేజ్ వచ్చిన రోజే యాప్ తెరిచి, పరిష్కారం కింద పెట్టిన ఫొటో చూడండి. వెనక గోడ, గేటు, స్తంభం మీ వీధివేనా? నీడలు, వెలుతురు ఆ సమయానివేనా? తర్వాత మీరు మొదట ఫొటో తీసిన చోటే నిలబడి, అదే కోణంలో మళ్లీ ఒకటి తీయండి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే వాదన అక్కర్లేదు. 'రీఓపెన్' మీట ఉంటే అదే వాడండి, అది కొద్ది రోజులే ఉంటుంది. కొత్త నంబరు తీసుకుంటే పాత చరిత్ర పోతుంది, గడువు మొదటి నుంచి మొదలవుతుంది. రీఓపెన్ దాటిపోయి కొత్తది పెట్టక తప్పకపోతే మొదటి వాక్యంలోనే పాత నంబరు, అది మూసిన తేదీ రాయండి. ఇంకో మాట, ఫిర్యాదు ముగిశాక వచ్చే రేటింగ్ తెరలో పని కాకపోయినా మొహమాటానికి నక్షత్రాలు నొక్కకండి. కొన్ని చోట్ల అదే మీ అంగీకారంగా లెక్కకొస్తుంది.

రెండుసార్లు అలాగే మూస్తే యాప్ వదిలి పైకి వెళ్లండి. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక, 1100 నంబరు ఉన్నాయి. అర్జీకి యాప్ ఫిర్యాదు నంబర్లు, తేదీలు, రెండు ఫొటోల ప్రింట్లు జత చేయండి. అప్పటికీ కాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. పట్టణంలో రుసుము 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. 'దీపం ఎందుకు వేయలేదు' అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డుల్లో ఉన్న సమాచారం. ఇలా అడగండి: ఫలానా నంబరు ఫిర్యాదుపై తీసుకున్న చర్య వివరం, స్థలం తనిఖీ చేసిన తేదీ, ఫిర్యాదు ముగించిన అధికారి హోదా, ముగింపుకు ఆధారంగా పెట్టిన ఫొటో నకలు. తనిఖీ తేదీ అడిగేసరికి చాలా ఫైళ్లు కదులుతాయి.

---

పోలింగ్_డ్యూటీ:

సీ-విజిల్‌తో పోలిక అడిగారు. పోల్చడం మంచిదే, కానీ పూర్తిగా పోల్చాలి.

అది 2018లో వచ్చింది, ఆ ఏడాది చివర తెలంగాణ శాసనసభ ఎన్నికల్లోనూ వాడారు. దాని 100 నిమిషాలు ఊరికే పెట్టిన అంకె కాదు. 5 నిమిషాల్లో జిల్లా కంట్రోల్ రూమ్ ఫిర్యాదును ఫ్లయింగ్ స్క్వాడ్‌కు అప్పగించాలి, 15 నిమిషాల్లో స్క్వాడ్ అక్కడికి చేరాలి, 30 నిమిషాల్లో విచారించి నివేదిక పంపాలి, మిగతా 50 నిమిషాల్లో రిటర్నింగ్ అధికారి తేల్చాలి. ప్రతి అంచెకూ ఒక మనిషి, ఒక గడియారం. స్క్వాడ్ దగ్గర వేరే యాప్ ఉంటుంది, అది వాళ్లను నేరుగా ఆ చోటికి నడిపిస్తుంది.

ఫిర్యాదు చేసేవాళ్లకూ కట్టుబాట్లు ఉన్నాయి. ఫొటో గానీ, 2 నిమిషాల దాకా వీడియో గానీ యాప్‌లోంచే తీయాలి. గ్యాలరీలోది ఎక్కదు. తీసిన 5 నిమిషాల్లోపు పంపాలి. ఎన్నికలు జరుగుతున్న ప్రాంతం హద్దుల్లో ఉంటేనే పనిచేస్తుంది. పాత ఫొటో, పక్క ఊరి ఫొటో రాకుండా ఇవన్నీ కాపాడతాయి. పేరు చెప్పకుండా పెట్టొచ్చు, కానీ అలా పెడితే తర్వాత ఏమైందన్న కబురు మీకు రాదు.

ఇప్పుడు అసలు సంగతి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మార్చి 29 నాటికి 79 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయని, 89 శాతం 100 నిమిషాల్లోపే తేల్చామని ఎన్నికల సంఘం ప్రకటించింది. వాటిలో 58,500కు పైగా, అంటే 73 శాతం, అనుమతి లేని హోర్డింగులు, బ్యానర్ల మీదివే. డబ్బు, మద్యం, కానుకల పంపిణీ మీద వచ్చినవి 1,400కు పైగా. బ్యానరు ఎక్కడికీ పారిపోదు, ఇద్దరు మనుషులు, ఒక నిచ్చెన ఉంటే దిగిపోతుంది. ఎన్నికల కాలంలో స్క్వాడ్‌కు వేరే పని ఉండదు. మీ పురపాలక సంఘంలో దీపాల మనిషి అనేక వార్డులు తిరగాలి, సామాను స్టోర్‌లో ఉండాలి, నిచ్చెన బండి దొరకాలి. కాబట్టి 100 నిమిషాలు అడగడం న్యాయం కాదు. అడగాల్సింది ఏమిటంటే, ఫిర్యాదు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఏ అంచెలో ఆగింది అన్నది యాప్‌లో కనిపించాలని. 'ప్రాసెస్‌లో ఉంది' అన్న ఒక్క మాట వెనక నాలుగు బల్లలు దాగి ఉంటాయి.

---

కోడ్_రాసేవాడు:

దానికి కొన్ని కలుపుతాను. కాలనీ సంఘం తరఫున కమిషనర్‌కు లేఖ రాసేటప్పుడు 'యాప్ బాగోలేదు' అని రాయకండి, ఇవి రాయండి.

జరిపిన పిన్‌నే సేవ్ చేయాలి. సిగ్నల్ లేనప్పుడు ఫిర్యాదు ఫోన్‌లోనే ఆగి, సిగ్నల్ వచ్చాక తనంతట తాను వెళ్లాలి. ఇప్పుడైతే ఫొటో అప్‌లోడ్ సగంలో ఆగితే రాసిందంతా పోతుంది, ఓటీపీతో మళ్లీ మొదలు. దగ్గర్లో ఇప్పటికే ఉన్న ఫిర్యాదులు మ్యాప్ మీద కనిపించాలి. బ్రిటన్‌లో 2007 నుంచి నడుస్తున్న ఫిక్స్‌మైస్ట్రీట్‌లో ఇదే పద్ధతి. ఒకే గుంత మీద ఇరవై మంది విడివిడిగా రాయరు, ఫిర్యాదులన్నీ అందరికీ కనిపిస్తాయి. నాలుగు వారాల తర్వాత 'సరయిందా?' అని ఫిర్యాదు చేసినవాళ్లనే అడుగుతుంది. ముగింపు మాట కాలనీ వాళ్లది అయినప్పుడే 'పరిష్కరించబడింది' అన్న మాటకు విలువ.

చూపులేనివాళ్లు టాక్‌బ్యాక్‌తో (తెర మీద ఉన్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ సదుపాయం) వాడే వీలు కూడా అడగండి. బటన్లకు పేర్లు పెట్టకపోతే టాక్‌బ్యాక్ 'బటన్, బటన్' అని మాత్రమే చదువుతుంది. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో రూపం మొబైల్ యాప్‌లకూ వర్తిస్తుంది, కాబట్టి లేఖలో దాన్ని ప్రస్తావించొచ్చు.

---

కాలనీ_కార్యదర్శి:

అందరికీ ధన్యవాదాలు. ఇది సరిపోతుందా చూడండి:

"మూడో అడ్డవీధిలో గుడి ఎదురు స్తంభం నుంచి వరుసగా 3 దీపాలు 4 రోజులుగా రాత్రి వెలగడం లేదు. మొదటి స్తంభం నంబరు ఫొటోలో ఉంది. ఇదే విషయమై పాత ఫిర్యాదు పని జరగకుండా ముగించారు, దాని నంబరు, తేదీ ఫొటోలోని కాగితం మీద ఉన్నాయి."

---

లైన్‌మన్_మాట:

బాగుంది. ఒక్కటి తక్కువైంది: ఆ మూడింటి తర్వాత నాలుగో దీపం వెలుగుతోందా? వెలుగుతుంటే వైరు బాగున్నట్టే, మూడు ఫిట్టింగులు తెచ్చుకుని వస్తారు. వెలగకపోతే జంపర్ చూడటానికి లైన్ ఆపాలి, డిస్కమ్ మనిషి కూడా ఉండాలి. ఈ రాత్రి 7 దాటాక చూసి ఆ వాక్యం కలిపి పంపండి.